గోడ మీది విత్తనం

దేవమ్మ ఇంట్లో నడింటి గోడకు ఒక పిడక అంటుకొని ఉండేది. అరచెయ్యంత ఉండేది. వంటింటి పొగ వచ్చి తగిలే చోట, తలుపు పక్కన, మగమనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, పొయ్యిలోకి పోవలసిన పిడక నట్టింట్లోకి ఎందుకొచ్చిందని నవ్వేవారు. దేవమ్మ నవ్వేది కాదు. దాని లోపల చిట్టి టమాటల విత్తనం ఉంది. మహాశివరాత్రి నుంచి, తొలి వానలు తెచ్చే మిరుగం కార్తె దాకా, ఎండాకాలమంతా, ఆ ఇంట్లో మనుషులతోపాటు అదీ ఊపిరి బిగబట్టుకొని ఉండేది.

జహీరాబాద్‌లో రైలు గేటు దాటాక ఎడమ చేతి సందులో వాళ్ళ ఇల్లు. భర్త శంకరప్ప గంజ్‌లో దడ్వాయి. బస్తాలు కాంటాకెక్కించి తూకం చెప్పడం అతని పని. జొన్నలు, కందులు, ఎండుమిర్చి, అల్లం, ఏ బస్తా అయినా చేత్తో కొంచెం పైకి లేపి బరువు చెప్పేవాడు. కాంటా ఆ మాటను ఒప్పుకునేది. ఇంటి వెనక చిన్న పెరడు. మట్టి ఎర్రగా, తడిస్తే పచ్చి గాయంలా ఉండేది. ఆ పెరట్లో దేవమ్మ పేడ ఎరువు వేసి, బూడిద చల్లి, ఆకు ముడుచుకుంటే పులిసిన మజ్జిగ చిలకరించి టమాట చెట్లు పెంచేది. బజారు టమాటల్లాంటివి కావు. రేగుపండంత, పలచని తోలు, నోట్లో వేసుకుంటే పుల్లగా పగిలేవి. సంతకు తీసుకెళ్తే దారిలోనే చితికిపోయేవి. అందుకే వాటిని ఎప్పుడూ ఎవరూ అమ్మలేదు. న్యాల్‌కల్ దిక్కున్న తల్లిగారి ఊరినుంచి, పెళ్ళైన ఏడాది ఆ విత్తనాన్ని దేవమ్మ ఒడిలో పెట్టుకొని తెచ్చుకుంది.

పెరటి గోడ నడుము ఎత్తు. అటు పక్క గౌహర్ బేగం. ఆమె భర్త నసీరుద్దీన్‌కు సైకిళ్ళ దుకాణం.

"ఏం దేవమ్మా, నీ టమాటలకు పాలు సరిపోతలేవా? పెద్దగైతలేవు," అనేది గౌహర్ బేగం.

"నోట్లెస్కో ఆపా. అప్పుడు మాట్లాడు."

"తౌబా! గింత పులుపా! నోట్ల పండ్లు జివ్వుమంటున్నయ్." మరునాడు పొద్దున్నే గోడ మీద ఖాళీ గిన్నె ఉండేది. "నిన్నటి పులుపు ఇంక పోలేదు. ఇంకిన్ని పెట్టు, దాన్తోనే పోతదేమో."

చలికాలం నడుమ, బాగా కాసిన చెట్టు మీద ఒక గుత్తిని దేవమ్మ కోయకుండా వదిలేది. దానికి గుడ్డపేలిక కట్టేది. పండ్లు మెత్తబడి రాలిపోబోయే దాకా ఆగి, పచ్చి పేడలో బూడిద కలిపి, అందులో వాటిని పిసికి, బిళ్ళ చేసి గోడకు కొట్టేది. పొగకు నల్లబడి, ఎండకు బిగిసి, అది రాయిలా అయ్యేది. మిరుగం నాడు తీసి నలిపి నారుమడిలో చల్లితే మొలకలు వచ్చేవి.

విత్తనంతోపాటు తల్లి ఆమెకు ఇంకొక మాట కూడా ఇచ్చింది. చావు జరిగిన ఇంట్లో గోడ మీదున్న విత్తనం కూడా చచ్చినట్టే. దాన్ని మళ్ళీ మట్టిలో వేయకూడదు. ఇంట్లోని పాత కుండలతోపాటు బయట పారేయాలి. అందుకని ఎవరికైనా చివరి దాకా వచ్చిందని తెలిస్తే, ఆ ఇంటి ఆడమనిషి ముందుగానే పిడకను తీసి వేరే ఇంట్లో పెట్టాలి. దాన్ని ఆ ఊళ్ళో విత్తనం దాటించడం అనేవారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, కొంగు కింద పెట్టుకొని, వెనక్కి చూడకుండా పోవాలి. తిరిగొచ్చి, తీసిన చోట తడి ఎర్రమట్టి పూయాలి, మంచంలో ఉన్న మనిషికి ఆ ఖాళీ కనపడకుండా.

దేవమ్మ చిన్నప్పుడు వాళ్ళ తాతకు అట్లా దాటించారు. తాత మంచంలోంచి అడిగాడు, మన్ను వాసన వస్తున్నది, వాన పడ్డదా అని. పడ్డది, అని తల్లి చెప్పింది. ఆ మాట చెబుతూ తల్లి చేతిని చీరకు తుడుచుకోవడం, చీర మీద ఎర్రటి వేళ్ళు మిగలడం దేవమ్మకు గుర్తుండిపోయింది.

కొత్త కాపురంలో ఒకనాడు ఇదంతా శంకరప్పకు చెప్పింది. అతను పడీ పడీ నవ్వాడు. "నన్నైతే గిట్ల దాటించకే, నీకు దండం పెడత."

డెబ్బై ఆరులో, ఎండలు ముదిరిన రోజుల్లో, శంకరప్ప మంచం పట్టాడు. మొదట మిర్చి ఘాటుకు వచ్చిన దగ్గే అనుకున్నారు. తరవాత జ్వరం. దవాఖానలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని చెప్పి నీళ్ళు తీశారు, మందులిచ్చారు, ఇంటికి పంపారు. ఇక మందు పని మందు చేస్తుంది, చూద్దాం అన్నారు. ఆ చూద్దాం అనే మాట దేవమ్మతోపాటు ఇంటికి వచ్చింది. రాత్రి దీపం తగ్గించినా అది తగ్గలేదు. శంకరప్ప ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఎవరో ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు. నడింటి గోడ మీద ఒక బల్లి పిడక పక్కకు వచ్చి తల వంచి, కదలకుండా ఉండేది.

దేవమ్మ బల్లిని తోలేది. పిడకను చూసేది. మళ్ళీ మంచాన్ని చూసేది.

మిరుగం ఇంకా దూరంగా ఉంది. తల్లి చనిపోయింది. ఊళ్ళో తల్లి ఇంటి పెరటి బావి ఎండిపోయి ఆ చెట్లు పోయాయి. ఆ విత్తనం ఎక్కడైనా ఉందీ అంటే ఈ గోడ మీదే ఉంది.

ఒక మధ్యాహ్నం శంకరప్ప కళ్ళు మూసుకొని ఉన్నాడు. సందులో కుక్క కూడా లేదు. దేవమ్మ పీట వేసుకొని ఎక్కి, పిడకను గోళ్ళతో ఊడదీసి, కొంగు కింద పెట్టుకొని పెరట్లోకి నడిచింది.

"ఆపా, జర ఇది నీ ఇంట్ల పెట్టుకో."

గౌహర్ బేగం బియ్యం ఏరుతోంది. "ఏందమ్మా, మా ఇంట్ల పేడ తక్కువైందని ఎవరు చెప్పిన్రు నీకు?" అని నవ్వబోయి దేవమ్మ ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. పిడక కథ ఆమెకూ తెలుసు, ఈ గోడ దగ్గరే విన్నది.

"గిట్ల చెయ్యొద్దు దేవమ్మా. మనిషి ఇంక ఊపిరి తీస్కుంటున్నడు."

"మా ఊర్ల గిట్లనే చేస్తరు."

"మీ ఊరు మీ ఊర్ల ఉన్నది. నువ్వు ఈడున్నవ్."

"పొయ్యి గోడకు ఆనిచ్చి పెట్టు. తడి తగలనీకు," అంది దేవమ్మ. గోడ మీద పిడకను పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

గిన్నెలో ఎర్రమట్టి కలిపింది. పీట ఎక్కి ఆ ఖాళీ మీద చేత్తో పూసింది. పాత గోడ మీద కొత్త మట్టి మెరుస్తూ, ఎంత అలికినా అంచులు కలవలేదు. ఆమె వెనక మంచం కిర్రుమంది.

"మిరుగం వచ్చిందా?" అన్నాడు శంకరప్ప.

ఆమె చెయ్యి గోడ మీదే ఆగింది. పడ్డది, అని చెప్పిన తల్లి మాట నాలుక చివరి దాకా వచ్చింది. "రాలె," అంది.

ఆమె పీట దిగి చూసేసరికి అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. బస్తాను చూసినట్టు, కాంటా ముల్లును చూసినట్టు, ఆ తడి మచ్చను చూస్తున్నాడు. అది ఆరే దాకా చూశాడు.

శంకరప్ప చావలేదు. జ్వరం ఒక తెల్లవారుజామున దిగిపోయింది. వానలు మొదలయ్యేసరికి లేచి కూర్చున్నాడు, పొలాల అమావాస్య నాటికి గంజ్‌కు వెళ్ళాడు. పిడక గోడ దాటి తిరిగి వచ్చింది, నారు మొలిచింది, చెట్లు ఎప్పటిలా కాశాయి. దేవమ్మ మొదటి గుత్తి కోసి తొక్కు నూరింది. శంకరప్ప దాన్ని కంచంలో ఒక పక్కకు జరిపాడు.

"పులుపు పడ్తలేదు," అన్నాడు.

మళ్ళీ ఎప్పుడూ పడలేదు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మహాశివరాత్రికి దేవమ్మ కొత్త పిడక కొట్టగానే అతనికి ఒక అలవాటు మొదలయ్యేది. పొద్దున చెప్పులు తొడుక్కునే ముందు నడింట్లోకి వచ్చి గోడను చూసేవాడు. సాయంత్రం రుమాలు తీసి కొక్కేనికి వేసే ముందు మళ్ళీ చూసేవాడు. పిడక ఉంటే అన్నం తినేవాడు.

అతన్ని పనికి పిలవడానికి వచ్చే హమాలీ విరూపాక్ష వాకిట్లోంచి కేకేసేవాడు. "ఏం శంకరప్పా, గోడకు మొక్కుతున్నవా? దేవుడు ఆ పక్కనున్నడు రా."

"కాంటా సరిగ్గున్నదా లేదా సూస్తున్న," అనేవాడు శంకరప్ప. విరూపాక్షకు అది అర్థం కాకపోయినా నవ్వేవాడు. వంటింట్లో దేవమ్మ పెనం మీద రొట్టె మాడిపోయేది.

ఎండాకాలాలన్నీ అట్లా గడిచాయి. ఒక మనిషి ఆయువు మట్టిగోడకు అంటుకొని వేలాడుతున్నట్టు, ఎక్కడ గాలి వీచినా ఆమె ముందు అటే చూసేది. ఎలుక నడిస్తే లేచేది. గోడ పెచ్చు రాలిన చప్పుడైతే వంటింట్లోంచి పరుగెత్తేది.

ఎనభై ఒకటిలో కూతురు సుమిత్రకు కోహీర్ సంబంధం కుదిరింది. పెళ్ళికి ఇంటికి సున్నం వేయించారు. సున్నం వేసే మనిషి, గోడ మీద ఈ పేడ ఏందమ్మా, తియ్యనా అని అడిగితే, ముట్టకు అని దేవమ్మే తీసి చాటలో పెట్టి వంటింట్లో దాచింది. సాయంత్రానికి మళ్ళీ పెడదామనుకుంది. పెళ్ళి పనుల్లో ఆలస్యమైంది.

శంకరప్ప వచ్చాడు. రుమాలు తీయలేదు. తెల్లటి గోడ ముందు నిలబడి, కాసేపటికి గడప మీద కూలబడ్డాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఏంది ఎప్పుడు?"

"దవాఖానోళ్ళు నీకేమన్న చెప్పిన్రా? నాకు చెప్పకుండ?"

"అయ్యో, సున్నమయ్యా! గోడకు సున్నం ఏసిన్రు. చాటల పెట్టిన, ఇగో సూడు." పరుగెత్తి తెచ్చింది. అతను చాటవైపు చూడలేదు.

"అప్పుడు గూడ గిట్లనే పూసినవ్. నిద్రపోతున్న అనుకున్నవ్. నాకు మన్ను వాసనొచ్చింది."

దేవమ్మ చాటను కింద పెట్టింది. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో తలుపు వెనక నిలబడ్డ మాట బయటికొచ్చింది.

"కాంటా ఊగుతనే ఉండె," అన్నాడు శంకరప్ప మెల్లగా. "నువ్వు తూకం చెప్పేస్తివి."

"ఇత్తనం పోతదని భయమైంది."

"నేను పోత అని కాలేదా?"

"అయింది. రెండు భయాలూ అయినయ్. ఒకదానికే ఏమన్న చెయ్యొచ్చె. అదే చేసిన."

దేవమ్మ లేచి, పచ్చి పేడ తెచ్చి, పిడక వెనక రాసి, ఆరని సున్నం మీద అదే చోట నొక్కి పెట్టింది. తెల్ల గోడ మీద పిడక చుట్టూ పచ్చటి తడి దిగింది.

"ఇగ నా చేత్తోని తియ్య," అంది. "నువ్వు మంచంల ఉన్నా తియ్య. నువ్వే తియ్యాలె, మిరుగం నాడు. ఇత్తనం పోతే పోనీ."

ఆ రాత్రి శంకరప్పకు జ్వరం వచ్చింది. దేవమ్మ తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ ఒక్కసారి కూడా గోడ వైపు చూడలేదు, అతనికి ఆ చూపు కనపడుతుందని. తెల్లారి తగ్గిపోయింది. ఆ ఏడు నుంచి మిరుగం నాడు పిడక తీసి నలిపేది శంకరప్పే. అరచేతిలో దాన్ని ఒక్క క్షణం పట్టుకొని, బరువు చూసి, మడిలో చల్లేవాడు. అప్పుడు మాత్రం ముఖం తేటగా ఉండేది. చెట్లు కాస్తే గిన్నె నింపి తనే గోడ మీద పెట్టేవాడు. ఆ పండ్లు మాత్రం నోట్లో వేసుకోలేదు.

ఎనభై ఆరులో దేవమ్మకు ముద్ద దిగడం మానేసింది. ముందు అంబలి, తరవాత మజ్జిగ, ఆ తరవాత అదీ కష్టమైంది. పట్నం దవాఖానలో డాక్టర్లు శంకరప్పను గది బయటికి పిలిచి మాట్లాడారు. అతను లోపలికి వచ్చి, "నయమైతదన్నరు," అని చెప్పాడు. దేవమ్మ తలూపింది. తాతకు వాన పడ్డదని చెప్పిన ఇంటి పిల్ల ఆమె.

మంచం నడింట్లోనే వేశారు, తలుపు పక్క గోడకు ఎదురుగా. మే నెల. ఎండకు పెరడు పెంకులా పగిలింది. బీదర్ దిక్కునుంచి వచ్చే గాలి దుమ్మునే మోసుకొచ్చేది. పిడక మహాశివరాత్రికి ఆమే సత్తువ లేకుండా కొట్టింది, అంచు ఒకవైపు పలచబడి ఉంది. ఆమె కళ్ళు తెరిస్తే అదే కనిపించేది. పక్కన బల్లి.

ఈసారీ ఆ విత్తనం మరెక్కడా లేదు. గౌహర్ బేగం కొన్నేళ్ళు వేసింది గానీ కొడుకు ఫరీద్ పెళ్ళికి పెరట్లో గది కట్టారు. కోహీర్‌లో సుమిత్ర బజారులో పెద్ద టమాటలు కొనుక్కుంటుంది. గోలీలసోంటివి ఎవరు కోస్తరమ్మా, చేను పని చెయ్యాల్నా అవే ఏరుకుంట కూసోవాల్నా, అని చెప్పిన పిల్ల. పదిరోజులు తల్లి దగ్గరుండి, పిల్లల కోసం వెళ్ళింది, మళ్ళీ వస్తానంది.

ఒక మధ్యాహ్నం పెరటి కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"భాయ్, తీసియ్యి. నేను పెట్టుకుంట," అంటోంది గౌహర్ బేగం.

"నేను తియ్య బహెన్."

"ఆమెకు ఆ ఇత్తనమే పాణం. నీకెరుక లేదా? ఇంట్ల ఏమన్నైతే ఆమె లెక్కల ఇగ అది పాడైనట్టే. ఎవరినీ ముట్టనియ్యొద్దు అంటది. పట్టుకొచ్చినామె ఆమే, నమ్మకం, నియ్యతు ఆమెవే."

"ఆమె సూస్తున్నది బహెన్. కండ్లు తెరిస్తే ఆ గోడే. తెరిచినప్పుడు ఆడ ఏం లేకుంటే ఎట్లుంటదో నేను సూసిన. నేనైతే తియ్య. ఇత్తనం పోతే పోనీ."

దేవమ్మ కళ్ళు మూసుకొని విన్నది. గోడ మీద బల్లి కదిలిన చప్పుడు కూడా వినిపించింది. పొయ్యిలో నిప్పు లేదు, పొగ లేదు, పిడకకు ఇక కాపలా ఎవరూ లేరు. మధ్యాహ్నం రైలు గేటు దగ్గర కూత వేసి, చాలాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

శంకరప్ప లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"జర లేపు," అంది దేవమ్మ.

"నీళ్ళా?"

"గోడ కాడికి."

అతను కదలలేదు. ఆమె చెయ్యి చాపింది. చివరికి అతను వంగి రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. బస్తా అంచు తాకితే చాలు, బరువు చెప్పగలిగే చేతులు అవి. అతను పెదవులు బిగించాడు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తి పట్టుకున్నాడు, పిల్లను పట్టుకున్నట్టు.

దేవమ్మ గోళ్ళు పిడక అంచు కిందికి దూర్చింది. బలం చాలలేదు. ఊపిరి తీసుకొని మళ్ళీ లాగింది. సున్నం పెచ్చుతో సహా పిడక ఊడి వచ్చింది. తెల్ల పొడి ఇద్దరి మీదా రాలింది.

"మిరుగం వచ్చింది," అంది.

"రాలె. ఇంక దినాలున్నయ్."

"వచ్చింది." పిడకను అతని చొక్కా జేబు పక్కన ఆనించింది. "తీస్కపో. బేగమాపా ఇంట్ల పెట్టు. ఎనుకకు సూడకు."

అతను ఆమెను మంచం మీద పడుకోబెట్టి, పిడకను రుమాలులో చుట్టుకొని వెళ్ళాడు. గోడ అవతల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో పెరటి మట్టి, తడిపి ఉంది.

పీట వేసుకోలేదు, అవసరం లేనంత ఎత్తు మనిషి. మట్టి తీసి ఆ ఖాళీ మీద పూయడం మొదలుపెట్టాడు. కాంటా పట్టిన చేతికి అలకడం రాలేదు. మట్టి కిందికి జారింది. తెల్లటి గోడ మీద ఎర్రమట్టి, ఎవరికీ కనపడకుండా ఉండే మాటే లేదు. ఎవరి నుంచీ దాచాల్సిన పనీ లేదు. ఇల్లంతా తడి మన్ను వాసన నిండింది.

దేవమ్మ మంచంలోంచి చూస్తూ ఉంది.

"ఆ మూల మిగిలింది," అంది.

అతను వేళ్ళతో ఆ మూల కూడా పూశాడు.